వార్త విని నవ్వే మన బిడ్డలు

శ్రీకాకుళం మొదలుకొని తుని దాకా మన ప్రాంతంలో ఏ పల్లె సంఘమునకు వెళ్లినా ఈ రోజుల్లో ఒక సంగతి కనబడుతుంది. ఆదివారం ఆరాధన ముగిసి మందిరం బయట చెట్టు కింద నిలబడినప్పుడు పెద్దలు వానల గురించి, ధాన్యం ధర గురించి, పెళ్లి సంబంధాల గురించి మాట్లాడుకొంటారు. వాటితోపాటు ఇప్పుడు సాఫ్ట్‌వేరు గురించి కూడా మాట్లాడుకొంటారు. సంఘంలో ఎవరో ఒకరి కొడుకు, ఎవరో ఒకరి కోడలు, ఎవరో ఒకరి మనుమరాలు ఆ పనిలో ఉంటారు.

ఒక రోజు పత్రికలో విశాఖకు లక్షల ఉద్యోగాలు వస్తున్నాయని ఉంటుంది. మరుసటి వారమే కంప్యూటరు కంపెనీలలో వేల ఉద్యోగాలు పోయాయని ఉంటుంది. మొదటి వార్త చదివి తండ్రి, ఉన్న ఎకరం అమ్మయినా కొడుకును ఇంజనీరింగులో చేర్చాలనుకొంటాడు. రెండవ వార్త విని తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. కానీ అదే పని చేస్తున్న బిడ్డ క్రిస్మసుకు ఇంటికి వచ్చినప్పుడు "ఏటి నాన్నా, ఈ వార్త నిజమేనా?" అని అడిగి చూడండి. ఎగిరి గంతులు వేయడు. భయపడినట్టూ కనబడడు. ఒక పక్కగా నవ్వుతాడు. "ఇలాంటివి చాలా చూశాం లెండి" అంటాడు. అంతకంటే ఎక్కువ చెప్పడు.

ఆ నవ్వు ఏమిటి? నిర్లక్ష్యమా? గర్వమా? పెద్దల మాట మీద గౌరవం లేకపోవడమా? అవేవీ కావు. ఆ నవ్వులో కొంత తెలివి ఉన్నది, కొంత దుఃఖము కూడా ఉన్నది. ఈ రెండింటినీ ఇంటివారు గ్రహించడం అవసరము. ఎందుకంటే వార్తలను నమ్మి పొలాలు అమ్మేది ఇంటివారే. వార్తలు తారుమారైనప్పుడు బిడ్డను ఓదార్చవలసినదీ ఇంటివారే.

క్రొత్త సంగతి కోసం చెవులు కోసుకోవడం నేటి జబ్బు కాదు. పౌలు ఏథెన్సు పట్టణమునకు వెళ్లినప్పుడు అక్కడివారు ఏదో ఒక క్రొత్త విషయం చెప్పుకోవడంలోనూ, వినడంలోనూ తప్ప మరి దేనిలోనూ పొద్దు గడపడం లేదని లూకా వ్రాశాడు (అపొ. కార్యములు 17:21). నేటి సాంకేతిక వార్తల లోకం అచ్చంగా ఆ ఏథెన్సు సంతే.

ఎకరం తొంభై తొమ్మిది పైసలు

2025వ సంవత్సరంలో విశాఖకు ఒకదాని వెంట ఒకటిగా పెద్ద వార్తలు వచ్చాయి. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం టి.సి.ఎస్. కంపెనీకి ఋషికొండ దగ్గర 21 ఎకరాల పైచిలుకు భూమిని ఎకరం 99 పైసల చొప్పున కేటాయించాలని నిర్ణయించింది. ఆ కంపెనీ ద్వారా 12 వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. తరువాత కాగ్నిజెంటు కంపెనీకి కాపులుప్పాడలో అదే ధరకు భూమి, 8 వేల ఉద్యోగాలు అన్నారు. అక్టోబరు 14న గూగులు కంపెనీ 2026 నుండి 2030 వరకు ఐదేండ్లలో విశాఖలో 15 బిలియన్ డాలర్లు, అంటే లక్ష కోట్ల రూపాయలకు పైగా, పెట్టుబడి పెడతానని ప్రకటించింది.

వార్తలు మంచివే. కానీ జూలైలో వచ్చిన మరొక వార్తను కూడా సాఫ్ట్‌వేరు బిడ్డలు చదివారు. అదే టి.సి.ఎస్. కంపెనీ ప్రపంచమంతటా ఉన్న తన ఉద్యోగులలో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకొంటున్నట్టు తెలియజేసింది. ఏప్రిల్‌లో వస్తాయన్నవి 12 వేలు, జూలైలో పోతాయన్నవి 12 వేలు. నిజమే, మొదటిది కొన్నేండ్లలో విశాఖకు రావలసిన లెక్క. రెండవది లోకమంతటా కలిపిన లెక్క. అయినా ఆ రెండు సంఖ్యలను పక్కపక్కన చూసినవాడు "లెక్క సరిపోయింది" అని నవ్వుకోక ఏమి చేస్తాడు?

విశాఖవారికి ఈ నవ్వు కొత్త కాదు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ 1966లో ఉద్యమం జరిగింది, ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ కర్మాగారాన్ని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. అంటే పునాది రాయికీ, ఆ రోజుకూ నడుమ ఇరవై ఒక్క సంవత్సరాలు. పునాదిరాయి నాడు ఉయ్యాలలో ఉన్న బిడ్డ అప్పటికి పెళ్లీడుకు వచ్చాడు. భూములిచ్చిన కుటుంబాలకు ఆర్-కార్డులని ఇచ్చారు. వాటిని పెట్టెలో దాచుకొని ఉద్యోగం కోసం ఏండ్ల తరబడి కనిపెట్టినవారు గాజువాక చుట్టుపక్కల మన సంఘాలలో కూడా ఉన్నారు. ఉక్కు కర్మాగారం రాలేదా అంటే వచ్చింది. వేల కుటుంబాలకు అన్నం పెట్టింది, మందిరాలు కట్టించుకొనే శక్తినిచ్చింది. కానీ వార్త వచ్చిన రోజు వేరు, జీతం వచ్చిన రోజు వేరు. ఆ రెండింటి నడుమ ఒక తరం గడిచిపోవచ్చు. బిడ్డ నవ్వులో ఉన్న మొదటి తెలివి ఇదే.

మేఘం ఎక్కడున్నది?

సాఫ్ట్‌వేరువారు "క్లౌడు" అని ఒక మాట వాడతారు. క్లౌడంటే మేఘం. మన ఫోటోలు, బ్యాంకు లెక్కలు, ఆధారు వివరాలు, పాటలు అన్నీ మేఘంలో ఉన్నాయంటారు. ఇది విని పల్లెలో పెద్దలు ఆకాశం వైపు చూస్తారు. దీని మీద ఆ పనివారిలోనే ఒక హాస్యం లోకమంతా తిరుగుతున్నది: మేఘమూ లేదు ఏమీ లేదు, అది వేరొకరి కంప్యూటరు, అంతే.

ఆ వేరొకరి కంప్యూటర్లను వేలు, లక్షలు ఒకే చోట పెట్టిన కట్టడాన్ని డేటా సెంటరు అంటారు. గూగులు ప్రకటించినది అలాంటిదే. దాని సామర్థ్యం గిగావాట్ స్థాయిలో ఉంటుందని చెప్పారు. గిగావాటంటే వెయ్యి మెగావాట్లు. పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లు. అంటే సింహాద్రిలో సగమంత కరెంటు ఈ మేఘానికి కావాలన్నమాట. రాత్రింబగళ్లు పనిచేసే యంత్రాలు వేడెక్కుతాయి గనుక వాటిని చల్లార్చాలి, దానికి నీరో, మరింత కరెంటో కావాలి. దేశదేశాల సమాచారం రావడానికి సముద్రం అడుగున తీగలు వేయాలి. ఇంత బరువైన మేఘం ఇదివరకు ఎవరూ చూసి ఉండరు.

ఇక ఉద్యోగాల మాట. దీనివలన ప్రత్యక్షంగా, పరోక్షంగా కలిపి సుమారు 1 లక్షా 88 వేల ఉద్యోగాలు వస్తాయని రాష్ట్ర ప్రభుత్వం అంచనా చెప్పింది. ఈ పని తెలిసినవారు ఇక్కడ "పరోక్షంగా" అన్న మాట దగ్గర కాసేపు ఆగుతారు. డేటా సెంటరు కట్టేటప్పుడు తాపీవారు, ఎలక్ట్రీషియన్లు, లారీవారు వేలమంది కావాలి. కట్టడం పూర్తయిన తరువాత లోపల ఉండేవి ముఖ్యంగా యంత్రాలు. వాటిని కాచేవారు, మరమ్మతు చేసేవారు, కాపలావారు కొద్దిమందే. దాని చుట్టూ వేరే కంపెనీలు వస్తే అప్పుడు మిగిలిన ఉద్యోగాలు. రావచ్చు కూడా. కాని "పరోక్షంగా" అన్న మాటను నమ్మి ఈ రోజు అప్పు చేస్తే, వడ్డీ మాత్రం ప్రత్యక్షంగానే కట్టాలి.

మేఘం ఎంత గట్టిదో మన ఊరికి తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు కరెంటు లేదు, ఫోన్లు లేవు, డబ్బు తీసే ఏటీఎంలు లేవు. ఇరుగు పొరుగువారు, మందిరంలో పంచిన అన్నం పొట్లాలు, చేతిలో ఉన్న కొద్ది నగదు అప్పుడు పనికివచ్చాయి. తుఫాను రాకపోయినా యంత్రాలు ఆగగలవు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయికు అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పు మార్పు వలన లోకంలో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర చూపించి నిలిచిపోయాయి. మన దేశంలో విమానాశ్రయాలలో బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. ఆ రోజు అన్నిటికంటె నమ్మకంగా పనిచేసిన యంత్రం బాల్‌పెన్ను అని సాఫ్ట్‌వేరువారే నవ్వుకున్నారు.

ఇదివరకే విన్న మాట

"ఇది క్రొత్తది చూడుము" అని లోకం దేనిని చూపిస్తుందో అది మనకంటే ముందే ఉన్నదని ప్రసంగి గ్రంథకర్త తేల్చాడు (ప్రసంగి 1:10). ఇక ప్రోగ్రాములు వ్రాసేవారు అక్కరలేదన్న వార్త కూడా అలాంటిదే.

1959లో కోబాల్ అనే కంప్యూటరు భాషను తయారు చేసినప్పుడు, అది ఇంచుమించు ఇంగ్లీషులాగే ఉంటుంది గనుక మేనేజర్లు కూడా చదువుకోవచ్చని ఆశపడ్డారు. మేనేజర్లు ఆ పనికి రాలేదు గాని, ఆ భాష నేర్చినవారికి నలభై ఏండ్ల తరువాత కూడా గిరాకీ తగ్గలేదు. 2000 సంవత్సరం తేదీల చిక్కు వచ్చినప్పుడు మన తెలుగు పిల్లలు హైదరాబాదు అమీర్‌పేటలో అదే కోబాల్ నేర్చుకొని విమానం ఎక్కారు. 1981లో ఇంగ్లండులో ఒక ప్రోగ్రాము అమ్మకానికి వచ్చింది. దాని పేరే "ది లాస్ట్ వన్", అంటే చివరిది. ఇక దాని తరువాత మనుష్యులు ప్రోగ్రాములు వ్రాయనక్కరలేదని ఆ పేరుకు అర్థం. అది పోయింది, ప్రోగ్రాములు వ్రాసేవారు లక్షల నుండి కోట్లకు పెరిగారు.

వైద్యరంగంలోనూ ఇంతే. 2016లో జెఫ్రీ హింటన్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు, ఎక్స్‌రేలు, స్కానింగులు చదివే డాక్టర్లకు ఇక శిక్షణ ఇవ్వడం మానివేయాలని, ఐదేండ్లలో యంత్రం వారిని మించుతుందని అన్నాడు. ఐదేండ్లు గడిచి మరి కొన్ని కూడా గడిచాయి. ఆ డాక్టర్ల కొరత మాత్రం తీరలేదు. 2024 ఫిబ్రవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్, పిల్లలు ప్రోగ్రామింగు నేర్వవలసిన అవసరం లేకుండా చేయడమే తమ పని అన్నాడు. ఆయన కంపెనీ అమ్మేది ఆ తెలివి యంత్రాలకు కావలసిన చిప్పులను. చేపలు అమ్మేవాడు కూరగాయలు ఎందుకండీ అంటే ఎంతవరకు వినాలో మన ఆడవారికి తెలుసు.

విశాఖ కూడా ఇలాంటి అలలను చూసింది. 2016 చివరలో ఫిన్‌టెక్ వ్యాలీ అన్నారు. 2017లో బ్లాక్‌చెయిన్ అనే పద్ధతి మీద ఇక్కడ సదస్సు జరిగింది. భూమి రికార్డులను ఎవరూ దిద్దలేని విధంగా ఆ పద్ధతిలో భద్రపరచే ప్రయత్నం మొదలుపెట్టారు. ఆశ మంచిదే. కాని మొట్టమొదట ఎక్కించిన కొలతే తప్పయితే, ఎవరూ దిద్దలేని పుస్తకంలో ఆ తప్పు కూడా భద్రంగా ఉంటుంది గదా! అదే సంవత్సరం డిసెంబరులో అమెరికాలో టీ, పానీయాలు అమ్మే ఒక కంపెనీ తన పేరులో "బ్లాక్‌చెయిన్" అన్న మాట చేర్చుకొన్నది. అంతమాత్రానికే ఒక్క రోజులో దాని షేరు ధర రెండింతలు దాటింది. టీ మాత్రం ఆ టీయే. మరుసటి సంవత్సరం స్టాకు మార్కెటు దానిని తన జాబితా నుండి తొలగించింది.

ఉద్యోగ ప్రకటనల సంగతి వినండి. 2020లో సెబాస్టియన్ రమిరెజ్ అనే ఆయన ఒక ప్రకటన చూశాడు. ఫాస్ట్ ఏపీఐ అనే సాధనంలో నాలుగేండ్ల అనుభవం కావాలని అందులో ఉన్నది. ఆ సాధనాన్ని తయారు చేసింది ఆయనే. తయారు చేసి అప్పటికి ఏడాదిన్నరే అయింది. కన్నతండ్రికి కూడా అర్హత లేని ఉద్యోగమన్నమాట. మన పిల్లలు ఒక్కొక్కసారి "మాకు ఉద్యోగం ఎందుకు రాలేదో మాకే తెలియదు" అంటే, దానిని వంకగా తీసుకోకండి.

తెలివి యంత్రము

ఇప్పుడు అందరి నోటా ఉన్నది ఏ.ఐ., అంటే కృత్రిమ మేధస్సు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుండి ఇది పల్లెలకూ పాకింది. ఇది ఎలా పనిచేస్తుందో సులువుగా చెప్పుకొందాం. మనుష్యులు వ్రాసిన లెక్కలేనన్ని పేజీలను దానికి మేపుతారు. ఒక మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఉన్నదో అది నేర్చుకొంటుంది. అడిగినదానికి ఆ అంచనా ప్రకారం జవాబు కూర్చుతుంది. కంప్యూటరు ప్రోగ్రాములు కూడా వ్రాతలే గనుక వాటినీ వ్రాస్తుంది. చాలాసార్లు బాగా వ్రాస్తుంది. తప్పు వ్రాసినప్పుడు కూడా అదే ధైర్యంతో వ్రాస్తుంది.

దీని మీద ఆ పనివారి హాస్యం ఒకటి ఉన్నది. యంత్రం మన పని చేయాలంటే, కస్టమరు తనకు కావలసినది ఏమిటో సరిగ్గా చెప్పగలగాలి, అది ఎన్నడూ జరగదు గనుక మన ఉద్యోగం క్షేమమే అంటారు. ఇల్లు కట్టే మేస్త్రీలకు ఇది బాగా అర్థమవుతుంది. "మూడు గదులు చాలు మేస్త్రీ" అన్నవారే శ్లాబు వేసిన మరునాడు వంటగది ఇటు కాదు అటు ఉండాలంటారు. చెప్పినది చేయడం పనిలో సగమే. చెప్పనిది కనిపెట్టడం మిగతా సగం.

ఇంకొక హాస్యం: యంత్రం పది నిమిషాలలో వ్రాసిపెట్టింది, అందులో తప్పు ఎక్కడున్నదో వెదకడానికి నాకు రోజంతా పట్టింది. ఇది వట్టి హాస్యం కాదు. 2025లో మెటర్ అనే పరిశోధనా సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లతో పరీక్ష చేసింది. ఏ.ఐ. సహాయంతో పని 24 శాతం త్వరగా అవుతుందని వారు ముందుగా అనుకొన్నారు. పని ముగిసిన తరువాత 20 శాతం త్వరగా అయిందని చెప్పారు. గడియారం చూస్తే 19 శాతం ఆలస్యమైంది! అదే సంవత్సరం స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థ జరిపిన సర్వేలో 84 శాతం మంది ఈ సాధనాలను వాడుతున్నామనో, వాడబోతున్నామనో చెప్పారు. కాని వాటి జవాబుల మీద నమ్మకం లేదన్నవారు 46 శాతం, ఉందన్నవారు 33 శాతం. నమ్మకుండానే వాడుతున్నారు. జూలైలో రెప్లిట్ అనే కంపెనీ ఏ.ఐ., ఏదీ ముట్టవద్దని చెప్పినా వినకుండా, ఒక వ్యాపారి సమాచారమంతా తుడిచివేసింది. పైగా దానిని తిరిగి రప్పించడం కుదరదని తప్పు చెప్పింది. కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పుకొన్నాడు.

అయితే న్యాయంగా చెప్పాలి. పైన చెప్పిన పరీక్ష చిన్నది, అందులో ఉన్నవారు తమ పనిలో ఆరితేరినవారు, సాధనాలు నెలనెలా మెరుగుపడుతున్నాయి. కొత్తగా చేరినవారు ఇదివరకు నేర్చుకొంటూ చేసే చిన్న చిన్న పనులను యంత్రం చేస్తున్నదన్న మాట నిజము. బాగా తెలిసినవాడికి అది చేతి కింద పనివాడు. ఇంకా నేర్వనివాడికి అది పోటీదారు. నవ్వే బిడ్డలకు ఈ సంగతి తెలుసు. అందుకే ఆ నవ్వు పూర్తిగా నవ్వు కాదు.

నవ్వులోని నొప్పి

సామెతల గ్రంథము 14వ అధ్యాయంలో రెండు వచనాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. 15వ వచనం, బుద్ధిలేనివాడు ప్రతి మాటా నమ్ముతాడని, వివేకి తన నడతలను బాగుగా కనిపెడతాడని బోధిస్తుంది. 13వ వచనం, నవ్వుతున్నవాని హృదయంలో కూడా దుఃఖము ఉండవచ్చునని చెబుతుంది. ఇంతవరకు మనం 15వ వచనం చూశాం. ఇక 13వ దానిని చూడాలి.

బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, మధురవాడలోనో ఉన్న బిడ్డ గదిలో ఇంటి అప్పు, కారు అప్పు, చెల్లెలి చదువు అన్నీ ఆ ఒక్క జీతం మీద నిలబడి ఉంటాయి. ప్రాజెక్టు లేనివారిని కంపెనీ "బెంచి" మీద కూర్చోబెడుతుంది. జీతం వస్తుంది గాని ప్రతి ఉదయం పిలుపు వస్తుందేమోనని గుండె దడ. చదువు ముగించి ఆఫరు లెటరు చేతికి వచ్చినా, చేరే తేదీ రాక ఏడాది, రెండేండ్లు కనిపెట్టిన పిల్లలు ఉన్నారు. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు హెచ్-1బి వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, సెలవుకు ఇండియా వచ్చిన ఎందరో పెట్టె సర్దుకొని విమానాశ్రయానికి పరుగెత్తారు. ఇది కొత్తవారికే అని మరునాడు వివరణ వచ్చింది. ఆ ఒక్క రాత్రి ఎన్ని తెలుగు ఇండ్లలో మోకాళ్లూనారో దేవునికే తెలుసు.

ఇవన్నీ బిడ్డలు ఇంట్లో చెప్పరు. ఎందుకు చెప్పరు? మనం వారిని సంఘంలో ఎలా పరిచయం చేస్తున్నామో ఆలోచించండి. "మా వాడు సాఫ్ట్‌వేరండీ" అంటాం. ఆ ఒక్క మాటతో పెళ్లి సంబంధం ధర పెరుగుతుంది, మందిర నిర్మాణానికి కానుక పట్టికలో పేరు పైకి వెళుతుంది. అలాంటి ఇంటికి ఫోను చేసి "అమ్మా, నా ఉద్యోగం పోయింది" అని చెప్పడం ఎంత కష్టమో! అందుకే నవ్వి ఊరుకొంటారు. కొందరు ఉద్యోగం పోయిన తరువాత కూడా నెలల తరబడి అప్పు చేసి ఇంటికి డబ్బు పంపుతారు.

ప్రవక్త నవ్వు

సాధనాన్ని చూసి నవ్వడం పాపం కాదు. యెషయా ప్రవక్త కూడా నవ్వాడు. ఒకడు చెట్టు నరికి, సగం కట్టెలతో చలి కాచుకొని రొట్టె కాల్చుకొని, మిగిలిన సగంతో దేవుని బొమ్మ చేసుకొని దానికి సాగిలపడడం ఎంత విడ్డూరమో ఆయన 44వ అధ్యాయంలో వర్ణిస్తాడు. కట్టె మీద ఆయనకు కోపం లేదు. రొట్టె కాల్చుకోవడానికి కట్టె కావాలి. దానికి మ్రొక్కడమే విడ్డూరము. మన బిడ్డలు తెలివి యంత్రాన్ని చూసి నవ్వడంలో ఈ వివేకం ఉన్నది. దానిని చేసిన చేతులు వారివే గనుక అది దేవుడు కాదని వారికి బాగా తెలుసు. దయ్యం కాదని కూడా తెలుసు. అంత్యదిన గుర్తులన్నిటినీ ఆ యంత్రంలోనే చూపించే ప్రసంగీకులు ముందుగా తమ సంఘంలోని యౌవనస్థులను అడిగి తెలుసుకొంటే మేలు.

విశాఖ క్రైస్తవులకు క్రొత్త సాధనమంటే భయం ఉండనక్కరలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుండి జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఈ విశాఖలోనే దిగి తెలుగు నేర్చుకొని సువార్తలను తర్జుమా చేయనారంభించారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు కన్నుమూశారు. వారి పని 1812లో శ్రీరాంపూరు ముద్రణాలయంలో అచ్చయింది. అచ్చుయంత్రం ఆనాటి క్రొత్త వింత. అది వాక్యాన్ని ఊరూరికీ చేర్చింది. కాని ఒక్కొక్క మాటకు తగిన తెలుగు వెదకినది యంత్రం కాదు, ఇద్దరు మనుష్యులు, వారికి తోడైన తెలుగువారు. సాధనం మోస్తుంది. అర్థం చూసుకొనే బాధ్యత మనిషిది.

ఇంటివారు చేయదగినది

గోపురం కట్టగోరినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు (లూకా 14:28). ఇంజనీరింగు సీటు కూడా గోపురమే. కాబట్టి పెద్ద వార్త చదివినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట చెప్పినవాడు ఏమి అమ్ముకొంటున్నాడు? చెప్పినది జరిగిందా, జరగబోతున్నదా? జరిగితే ఏ సంవత్సరంలో? ఆ ఉద్యోగం మన బిడ్డ నేర్చిన పనికి సరిపోతుందా?

వార్తను చూసి భూమి అమ్మవద్దు. కంప్యూటరు సైన్సు ఒక్కటే చదువు కాదు. డేటా సెంటరుకు కూడా కరెంటు, శీతలీకరణ, నిర్మాణపు పనులు తెలిసినవారు కావాలి. ఐ.టి.ఐ., డిప్లొమా చదివిన బిడ్డను చిన్నచూపు చూడవద్దు. బిడ్డకు ఇష్టమై కంప్యూటరు చదివితే మంచిదే. అప్పుడు పేరున్న కోర్సుల వెంట పరుగెత్తకుండా లెక్కలు, తర్కం, తప్పు కనిపెట్టే ఓర్పు నేర్చుకోమనండి. వీటి మీద గిరాకీ ఏ అలతోనూ కొట్టుకొనిపోలేదు. డబ్బు కడితే వెనుక దారిలో ఉద్యోగం ఇప్పిస్తామని చెప్పేవారిని, దొంగ అనుభవ పత్రాలు పుట్టించేవారిని గుమ్మం ఎక్కనివ్వకండి. అబద్ధంతో సంపాదించిన ఉద్యోగం అబద్ధంతోనే కాపాడుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యంగా, బిడ్డ నవ్వినప్పుడు అక్కడితో ఆగకండి. "జీతం ఎంత పెరిగింది?" అని అడిగే ముందు "పని ఎలాగుంది బాబూ? రాత్రులు నిద్ర పడుతున్నదా?" అని అడగండి. "ఉద్యోగం పోయినా నువ్వు మా కొడుకువే, ఈ ఇంట్లో నీ కంచం ఉంటుంది" అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పండి. సంఘ కాపరులు ఉద్యోగం వచ్చినవారి కోసం స్తోత్రం చెల్లించినట్టే, పోయినవారి కోసం సిగ్గుపడనక్కరలేని విధంగా ప్రార్థన చేయాలి. యౌవనస్థుల కూటంలో అనుభవమున్నవారు పల్లె పిల్లలకు నెలకొకసారి ఈ వార్తల నిజానిజాలు విడమరచి చెబితే, అది కూడా సంఘమునకు చేసే పరిచర్యే.

క్రొత్త మాటల కోసం తిరిగే ఏథెన్సువారి మధ్య పౌలు నిలబడి, వారు ఎరుగని దేవుడు మనలో ఎవనికిని దూరముగా లేడని ప్రకటించాడు. మన ఇండ్లకు కూడా ఆ మాటే చాలును. కంపెనీలు వస్తాయి, పోతాయి. యంత్రాల పేర్లు ఏటేటా మారుతాయి. మన బిడ్డల విలువను వాటి చేతికి ఇవ్వకుండా ఉండే కృపను ప్రభువు ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ దయచేయును గాక.